నెల జీతం పెట్టి చేరిన నర్సింగ్ ఆఫీసర్ కోచింగ్: ఆరు నెలల అనుభవం

నేను 2023లో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశాను. మాది సూర్యాపేట జిల్లా. నర్సింగ్ కౌన్సిల్ నుంచి నర్సుగా, మిడ్‌వైఫ్‌గా (ఆర్‌ఎన్, ఆర్‌ఎం) రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాక, 2024 జనవరిలో హైదరాబాద్‌లోని ఒక 300 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుగా చేరాను. జీతం 17,500. అందులో హాస్టల్‌కే 6,500 పోతుంది. ఆ జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నర్సింగ్ ఆఫీసర్, అంటే ప్రభుత్వ నర్సు ఉద్యోగాల పరీక్షలకు చెప్పే ఆరు నెలల బ్యాచ్‌కు 18,000 కట్టాను. అంటే నా నెల జీతం కన్నా ఎక్కువ. బాపు వడ్ల డబ్బుల్లోంచి పది వేలు ఇస్తే, మిగతాది రెండు నెలలు దాచి కట్టాను. ఇంత రాయడానికి కారణం అదే. నాలాగే లెక్క చూసుకుని చేరే అమ్మాయిలకు పనికి రావాలి. సెంటర్ పేరు రాయడం లేదు. అక్కడ మంచి టీచర్లు ఉన్నారు, అన్యాయం జరిగిన ఒక స్నేహితురాలు కూడా ఉంది. ఆ రెండూ చెప్పాలనుకుంటున్నాను.

మెట్రో స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. కింద టిఫిన్ సెంటర్, రెండో అంతస్తులో క్లాసులు, మూడో అంతస్తులో రీడింగ్ హాల్. క్లాసులో 120 కుర్చీలు ఉంటాయి. మొదటి నెల 150 మంది వచ్చాం, మూడో నెలకు 80 మంది మిగిలాం. వెనక వరుసల వాళ్లకు బోర్డు సరిగా కనబడదు కాబట్టి ఎనిమిదిన్నరకల్లా వెళ్లి ముందు సీటు పట్టుకోవాలి. రీడింగ్ హాల్ ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు తెరిచే ఉంటుంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళ్లి, రెండు గంటలు చదువుకుని, తర్వాత హాస్టల్‌కు వెళ్లి పడుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. నలుగురం ఉండే హాస్టల్ గదిలో లైటు వేస్తే పక్కవాళ్లకు నిద్ర చెడుతుంది. కాబట్టి ఆ హాల్ ఒక్కటే ఫీజులో సగం విలువ చేసిందని చెబుతాను. బాత్రూమ్ మాత్రం ఒక్కటే. అంతమంది అమ్మాయిలకు ఒక్క బాత్రూమ్ ఎలా సరిపోతుంది? రెండుసార్లు రాసి ఇచ్చాం, ఏమీ మారలేదు.

బ్యాచ్ శని, ఆదివారాల్లో ఉదయం తొమ్మిది నుంచి ఐదు వరకు. 'ఉద్యోగం చేసే నర్సుల కోసం' అని బోర్డు మీద రాశారు కానీ, మనకు శని, ఆదివారాలు సెలవు ఉండదని వాళ్లకు తెలియనిది కాదు. నేను మా ఇన్‌చార్జ్ సిస్టర్‌ను బతిమాలి, నెలకు రెండు ఆదివారాలు ఆఫ్ వేయించుకున్నాను. బదులుగా మిగతావాళ్ల నైట్‌లు చేశాను. మిస్సయిన క్లాసులకు రికార్డింగ్ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. కానీ ఒక్కో వీడియో మూడుసార్లే చూడనిస్తారు, అదీ ఒకే ఫోన్‌లో. అక్టోబర్‌లో నా ఫోన్ పాడైతే కొత్త ఫోన్‌లో యాప్ తెరిపించుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. చేరేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: రికార్డింగ్ ఎన్నిసార్లు, ఎన్నాళ్లు చూడొచ్చు?

ఇక చదువు. ఓబీజీ (ప్రసూతి, స్త్రీల వ్యాధులు) చెప్పిన మేడమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. కాలేజీలో పార్టోగ్రాఫ్ (ప్రసవం ఎలా సాగుతోందో గుర్తించే చార్టు) గీశాను, కానీ అదేమిటో ఆవిడ చెప్పాకే అర్థమైంది. గుడ్డ బొమ్మ, ప్లాస్టిక్ పెల్విస్ (కటి ఎముకలు) తెచ్చి, ప్రసవంలో బిడ్డ తల ఎలా తిరుగుతుందో చేతిలో తిప్పి చూపించేవారు. బోర్డు మీద ఆ చార్టులోని అలర్ట్ లైన్ (జాగ్రత్తపడాల్సిన గీత) గీసి, నాలుగు గంటల దూరంలో యాక్షన్ లైన్ (వెంటనే ఏదో ఒకటి చేయాల్సిన గీత) గీసి, "ఈ రెండు గీతల మధ్య మీరు ఒక తాలూకా ఆస్పత్రిలో నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉన్నారు, అంబులెన్స్ రావడానికి గంటన్నర పడుతుంది, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేస్తారు?" అని అడిగారు. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. గర్భిణికి ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చేముందు మోకాలి రిఫ్లెక్స్ చూడాలి, శ్వాస లెక్కపెట్టాలి, మూత్రం గంటకు 30 ఎంఎల్‌కు తగ్గకూడదు, పక్కన విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ మనం పరీక్ష కోసం బట్టీపట్టినవే. ఆవిడ మాత్రం వీటిని ఒక మనిషి మంచం పక్కన నిలబడి చేసే పనిగా చెప్పారు. ఆ తర్వాత మా ఐసీయూలో ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) కేసు వస్తే నా చేతులు వణకలేదు. పరీక్షలో ఒక మార్కు వచ్చినా రాకపోయినా ఆ క్లాసు నాకు చాలు.

ఫార్మకాలజీ, డ్రగ్ క్యాలిక్యులేషన్ కూడా బాగుంది. లీటర్ ఫ్లూయిడ్ ఎనిమిది గంటల్లో వెళ్లాలి, డ్రిప్ సెట్‌లో ఎంఎల్‌కు 15 చుక్కలు, నిమిషానికి ఎన్ని? నిమిషానికి 31 అని పది సెకన్లలో చెప్పేదాకా సార్ వదిలేవారు కాదు. కాలిన గాయాల్లో ఎంత ఫ్లూయిడ్ ఎక్కించాలో చెప్పే పార్క్‌ల్యాండ్ లెక్క, మొదటి ఎనిమిది గంటల్లో సగం, అదీ కాలిన సమయం నుంచి లెక్కగానీ ఆస్పత్రికి వచ్చిన సమయం నుంచి కాదని పదే పదే చెప్పారు. కమ్యూనిటీ హెల్త్ మాత్రం నిరాశపరిచింది. పాత నోట్సు చదివి వినిపించారు. తెలంగాణ ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే రాష్ట్ర పరీక్షకు అది ముఖ్యమైన సబ్జెక్టు. నేను సొంతంగా చదువుకోవాల్సి వచ్చింది. ఆప్టిట్యూడ్, కరెంట్ అఫైర్స్ కోసం పీడీఎఫ్‌లు పంపారు, అంతే.

టెస్ట్ సిరీస్‌కు విడిగా 2,000 తీసుకున్నారు. ముప్పై మాక్ టెస్టులు. ప్రశ్నలు బాగున్నాయి, ముఖ్యంగా 'నలుగురు పేషెంట్లలో ముందు ఎవరిని చూస్తారు' అనే రకం. కానీ ఆన్సర్ కీలో తప్పులు ఉన్నాయి. పుట్టిన బిడ్డకు బీసీజీ డోసు 0.1 ఎంఎల్ అని కీలో ఇచ్చారు. నెలలోపు బిడ్డకు 0.05 అని నేను గ్రూపులో పెడితే, ఆ రాత్రే సార్ సరిచేశారు. అది మెచ్చుకోవాలి. మెచ్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఎయిమ్స్ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్ష ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. దాన్ని 20 ప్రశ్నల చొప్పున ఐదు భాగాలు చేసి ఒక్కో భాగానికి 18 నిమిషాలే ఇస్తున్నారు. ఒక భాగం సమయం అయిపోతే మళ్లీ వెనక్కి వెళ్లలేం. మా మాక్ టెస్టులు మాత్రం మొత్తం 90 నిమిషాలు ఒకేసారి ఇచ్చేవి. నేను రాని ప్రశ్నలు వదిలి చివర్లో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. అసలు పరీక్షలో ఆ అలవాటు నన్ను బాగా దెబ్బతీసింది. మీరు చేరబోయే సెంటర్‌లో మాక్ టెస్టు ఒకటి ఉచితంగా రాయనివ్వమని అడిగి, టైమర్ ఎలా ఉందో చూడండి.

ఇప్పుడు నా స్నేహితురాలి సంగతి. తను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసింది. ఊరి దగ్గర 30 పడకల నర్సింగ్ హోమ్‌లో ఏడాదిన్నర పనిచేసి హైదరాబాద్ వచ్చింది. అడ్మిషన్ కౌంటర్‌లో "జీఎన్‌ఎం వాళ్లు నార్సెట్ రాయొచ్చా?" అని తను నా ముందే అడిగింది. "రాయొచ్చు మేడమ్, బోలెడుమంది రాస్తున్నారు" అన్నారు. ఫీజు కట్టించుకున్నారు. జీఎన్‌ఎం వాళ్లు రాయొచ్చు, నిజమే. కానీ కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి, అదీ డిప్లొమా పూర్తయ్యాక. బీఎస్సీ వాళ్లకు ఆ షరతు లేదు. తనకు రెండేళ్లూ నిండలేదు, 50 పడకలూ లేవు. ఆ ఏడాదిన్నర సర్వీసు నార్సెట్ లెక్కలో సున్నా. ఈ విషయం మాకు నాలుగో నెలలో తెలిసింది. ఫీజు తిరిగి ఇవ్వమని అడిగితే, రాష్ట్ర పరీక్షకు పనికొస్తుంది కదా అన్నారు. నిజమే, రాష్ట్ర పరీక్షకు జీఎన్‌ఎం చాలు. కానీ తను అడిగింది నార్సెట్ గురించి. ఆ రోజు మెట్రోలో తను ఏడుస్తూ కూర్చుంటే నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఒక మాట సరిగా చెప్పడానికి కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఖర్చయ్యేది ఏముంది?

ఆ సంగతి బయటపడింది కూడా అదే సెంటర్‌లోనే. ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైన ఒక మేడమ్ నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం వచ్చేవారు. కోర్సు వివరాల్లో ఆవిడ పేరు ఎక్కడా ఉండదు. అరగంట 'కెరీర్ గైడెన్స్' అని మాత్రం రాశారు. సగం మంది అన్నానికి వెళ్లిపోయేవాళ్లు. ఆవిడ అందరినీ వరుసగా లేపి, ఎక్కడ పనిచేస్తున్నావు, ఎన్ని పడకలు, కాగితం మీద ఏం రాసిచ్చారు అని అడిగేవారు. నా స్నేహితురాలి సమాధానం విని కాసేపు ఊరుకుని, "బిడ్డా, మొదటి ఉద్యోగానికి పోయినప్పుడు జీతం తర్వాత అడుగు, ముందు పడకలు లెక్కపెట్టు" అన్నారు.

ఫ్రెషర్లకు ఇదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు మనం ఇంటికి దగ్గరా, హాస్టల్ ఇస్తారా, వెయ్యి ఎక్కువ ఇస్తారా అని చూస్తాం. నేనూ అంతే. కానీ ఆ ఉద్యోగమే తర్వాత ఏ పరీక్ష రాయగలమో, ఎన్ని పాయింట్లు వస్తాయో నిర్ణయిస్తుంది. తెలంగాణలో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేసే నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు రాత పరీక్షకు 80 మార్కులు. మిగతా 20 పాయింట్లు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసినవాళ్లకు. ఆరు నెలల సర్వీసుకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. అంటే గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు చేస్తే మొత్తం 20 వస్తాయి. మేడమ్ ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు నాకు గుండె గుభేల్‌మంది. 2024 జనవరిలోనే భద్రాచలం వైపు ఒక ఔట్‌సోర్సింగ్ పోస్టు ఉందని మా సీనియర్ అక్క ఫోన్ చేసి చెప్పింది. అంత దూరమా, పర్మనెంట్ కాదు కదా అని వదిలేశాను. 2,050 పోస్టుల కోసం 2024 నవంబర్ 23న రాసిన పరీక్షలో కీ చూసుకుంటే నాకు 52 వచ్చాయి. సర్వీసు పాయింట్లు సున్నా. నా పక్కన కూర్చున్న అక్కకు 45 మార్కులు, పైన 14 పాయింట్లు. తను ఆ పాయింట్లు ఊరికే సంపాదించలేదు, మూడున్నరేళ్లు తక్కువ జీతానికి పీజీ డాక్టర్లు కూడా లేని చోట పనిచేసింది. అందులో తప్పేమీ లేదు. ఆ దారి ఉందని నాకు ముందు ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ.

ఆంధ్రవైపు నుంచి వచ్చిన అమ్మాయిలకు కూడా మేడమ్ వాళ్ల లెక్క చెప్పారు. అక్కడ జోన్ల వారీగా తీసే స్టాఫ్ నర్స్ కాంట్రాక్టు పోస్టుల్లో కోర్సు మార్కులకు 75, పాసై ఎన్నేళ్లయిందన్న దానికి ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, కాంట్రాక్టు సర్వీసుకు 15 వరకు వెయిటేజీ. రాత పరీక్షే లేని అలాంటి పోస్టుకు కోచింగ్ ఎందుకు? ఆ మాట మా సెంటర్‌లో ఆవిడ తప్ప ఎవరూ అనలేదు.

జీతం విషయం కూడా ఆవిడే చెప్పారు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలపై సిఫార్సులు చేసింది. 50 పడకలకు తక్కువున్న చోట కూడా నెలకు 20,000కు తగ్గకూడదు, 200 పడకలు దాటితే ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి అని. తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ స్కేలు 36,750తో మొదలవుతుంది. నేను 300 పడకల ఆస్పత్రిలో 17,500కు వెంటిలేటర్ పేషెంట్లను చూస్తున్నాను. ఆ రోజు నైట్‌లో హ్యాండోవర్ తీసుకుంటూ, ఒక్క స్టాఫ్‌కు ముగ్గురు పేషెంట్లను చూసుకుంటూ ఆ అంకెలే తలచుకున్నాను. మా ఆస్పత్రిలో రెండేళ్ల బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు హెచ్‌ఆర్ దగ్గర. కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ కావాలంటే ఎన్నిసార్లు తిరగాలో నా రూమ్మేట్‌ను చూసి తెలుసుకున్నాను. కొత్తగా చేరేవాళ్లు జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో ఆస్పత్రి చూడండి. ఐసీయూ స్టాఫ్ కావాల్సిన ఆస్పత్రులు ఈ నగరంలో తక్కువేమీ లేవు.

సెంటర్ మెట్ల దగ్గర ఒక ఏజెంటు కూడా నిలబడేవాడు. గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం, రెండున్నర లక్షలు కడితే మూడు నెలల్లో వీసా అని కాగితాలు పంచేవాడు. సెంటర్ వాళ్లు చూసీ చూడనట్టు ఉండేవారు, అది నాకు నచ్చలేదు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు సర్వీసు చార్జీగా 30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, జర్మనీ వెళ్లాలనుకునే నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపిస్తుంది. బ్యాచ్‌లో ఇద్దరు ఆ దారిలో వెళ్లారు. నాకు ఇంటికి దూరం పోవాలని లేదు కాబట్టి అంతకు మించి తెలుసుకోలేదు.

డబ్బుకు తగినట్టు ఉందా అని అడిగేవాళ్లకు: బీఎస్సీ చేసి, ఉద్యోగం వదలకుండా చదవాలనుకునేవాళ్లకు ఉంది. ఓబీజీ, ఫార్మకాలజీ, రీడింగ్ హాల్, ఆ మేడమ్ అరగంట కోసం నేను మళ్లీ చేరమన్నా చేరతాను. ఉద్యోగం మానేసి డే బ్యాచ్‌లో చేరొద్దు. నా రూమ్మేట్ అలా చేసింది, నాలుగో నెలకు హాస్టల్ ఫీజుకు డబ్బు లేక 15,000 జీతానికి వేరే ఆస్పత్రిలో చేరింది, చదువూ ఆగింది. జీఎన్‌ఎం వాళ్లు మాత్రం నోటిఫికేషన్‌లో అర్హత పేజీ తెరిచి చూసుకున్నాకే ఫీజు కట్టండి, కౌంటర్‌లో చెప్పే మాట నమ్మి కట్టొద్దు.

2025 ఏప్రిల్ 12న నార్సెట్ ప్రిలిమ్స్ రాశాను, దాటాను. మే 2న మెయిన్స్ రాశాను. 160 ప్రశ్నలు, మూడు గంటలు. క్వాలిఫై అయ్యేంత మార్కులు వచ్చాయి కానీ పోస్టు వచ్చేంత ర్యాంకు రాలేదు. బీబీనగర్ ఎయిమ్స్ మా ఊరికి పోయే దారిలోనే ఉంటుంది, బస్సులో వెళ్లిన ప్రతిసారీ కిటికీలోంచి చూస్తాను. బేసిక్ 44,900 జీతంతో అక్కడ డ్యూటీ చేస్తే బాపు వడ్ల డబ్బు నా చదువుకు అడగాల్సిన పని ఉండదు. మళ్లీ రాస్తున్నాను, ఈసారి 18 నిమిషాలకు టైమర్ పెట్టుకుని.

నా స్నేహితురాలు ఇప్పుడు 100 పడకల ఆస్పత్రిలో మెడికల్ వార్డులో చేస్తోంది. చేరిన రోజే హెచ్‌ఆర్ దగ్గర కూర్చుని, అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో పడకల సంఖ్య రాయించుకుంది. దాని ఫొటో తీసి నాకు, మేడమ్‌కు పంపింది.